ఆడని ఆటకు ఆచార్యురాలు
బింగ్ పాఠశాలలో శ్రీమతి బెర్తా టీగ్ నలుబదిరెండేళ్ల కృషి

ఒక విద్యను తాను అభ్యసించకుండా ఇతరులకు నేర్పడం సాధ్యమా? సంగీతంలో సాధ్యం కాదంటారు. వ్యాకరణంలో అసలే కాదంటారు. ఆటల విషయంలోనూ సామాన్యంగా అదే అభిప్రాయం. ఒకప్పుడు మైదానంలో పేరు మోసినవాడే తరువాత శిక్షకుడు కావాలని లోకం ఆశిస్తుంది. ఈ అభిప్రాయానికి అమెరికాలోని ఒక కుగ్రామపు బడిపంతులమ్మ తన జీవితంతో సమాధానం చెప్పారు. ఆమె తన విద్యార్థి దశలో ఒక్కనాడైనా బాస్కెట్‌బాల్ ఆడి ఎరుగరు. అయినా ఆమె తీర్చిదిద్దిన బాలికలు 1927 నుండి 1969 వరకు 1,157 పోటీలలో గెలిచారు. 115 పోటీలలో మాత్రమే ఓడారు. ఆమె పేరు బెర్తా ఫ్రాంక్ టీగ్. ఓక్లహోమా రాష్ట్రంలో ఆమెను ‘మిసెస్ బాస్కెట్‌బాల్’ అని పిలుచుకొన్నారు.

ఈ అంకెలు చూసి ఆశ్చర్యపడి ఊరకుండడం సులభం. కాని ఆమె వృత్తిజీవితంలో ఉపాధ్యాయులు ఆలోచించవలసిన విషయం అంకెలలో లేదు. ఆడపిల్లలు దుర్బలులు అనే నమ్మకంతో రచింపబడిన నియమాలకు లోబడి, ఆ నియమాల లోపలనే ఆడపిల్లల బలాన్ని లోకానికి చూపవలసి వచ్చిన విచిత్ర పరిస్థితి ఆమెది. ఆ నియమాలు వారిని కాపాడాయా, కట్టివేశాయా అన్న వివాదం ఆమె పదవీ విరమణ చేసిన తరువాత కూడా పాతికేళ్లు సాగింది.

ఊరు, బడి

బెర్తా 1906 సెప్టెంబరు 17వ తేదీన మిస్సోరి రాష్ట్రంలోని కార్తేజ్ పట్టణంలో జన్మించారు. ఆమె తన జీవితాన్ని ధారపోసిన ఓక్లహోమా ఆనాటికి ఇంకా రాష్ట్రమే కాలేదు. 1907 నవంబరులో అది అమెరికా సంయుక్త రాష్ట్రాలలో చేరింది. అనగా ఆ రాష్ట్రం కంటె ఆమె ఒక ఏడాది పెద్ద. 1926-27 విద్యాసంవత్సరంలో ఆమె ఆ రాష్ట్రంలోని కైరో అనే చిన్న ఊరి పాఠశాలలో బాలికల జట్టును తొలిసారిగా చేపట్టారు. అప్పటికి ఆమె వయస్సు 20 సంవత్సరాలు. మరుసటి సంవత్సరం బింగ్ గ్రామానికి వచ్చారు. ఆమె భర్త జెస్ టీగ్ ఆ పాఠశాల పాలనాభారాన్ని వహించారు. ఆమె చిన్న తరగతుల ఉపాధ్యాయురాలు. పగలు పసిపిల్లలకు అక్షరాలు దిద్దించడం, బడి విడిచిన తరువాత పెద్ద బాలికల చేత బంతి పట్టించడం ఆమె దినచర్య అయింది.

బింగ్ పెద్ద ఊరు కాదు. పాంటొటాక్ కౌంటీలో, ఆడా పట్టణానికి ఉత్తరాన, చికసా జాతివారి ప్రాంతంలో ఉన్న పల్లె. నేటికీ అక్కడి జనసంఖ్య వెయ్యి పైచిలుకే. మొదటి ప్రపంచయుద్ధంలో విమీ గుట్టపై కెనడా సేనలను నడిపిన సర్ జూలియన్ బింగ్ అనే ఆంగ్ల సేనాని పేరు ఆ ఊరికి పెట్టారు. యుద్ధవీరుని పేరు మోసే ఆ పల్లెకు చివరకు ఖ్యాతి తెచ్చిపెట్టింది యుద్ధం కాదు, ఆడపిల్లల ఆట.

గీతల కథ

శ్రీమతి టీగ్ చేసిన పనిలోని కష్టం తెలియాలంటే ఆనాటి బాలికల ఆట ఎట్టిదో తెలుసుకోవాలి. బాస్కెట్‌బాల్‌కు పుట్టిల్లు మసాచుసెట్స్ రాష్ట్రంలోని స్ప్రింగ్‌ఫీల్డ్. అక్కడి వై.ఎం.సి.ఏ. శిక్షణ కళాశాలలో ఉపాధ్యాయుడైన జేమ్స్ నైస్మిత్ 1891 డిసెంబరులో, చలికాలంలో విద్యార్థులకు కప్పు క్రింద ఆడుకొనదగిన ఆట ఏదైనా కావాలని యోచించి, వ్యాయామశాల మేడవరండాకు రెండు పీచుపండ్ల బుట్టలు కట్టించి, 13 నియమాలు వ్రాశారు. బుట్టలో పడవేసే బంతి గనుక ఆటకు ఆ పేరు వచ్చింది.

మరుసటి సంవత్సరమే సమీపంలోని స్మిత్ మహిళా కళాశాలలో సెండా బెరెన్‌సన్ అనే వ్యాయామ ఉపాధ్యాయిని తన విద్యార్థినులకు ఈ ఆట నేర్పారు. 1893 మార్చిలో అక్కడ తొలి మహిళా పోటీ జరిగింది. ఆ పోటీ చూడడానికి పురుషులకు ప్రవేశం లేదు. స్త్రీలు పరుగెత్తితే ఆయాసపడి జబ్బుపడతారనీ, ఒకరినొకరు తోసుకొంటే మర్యాద చెడుతుందనీ వైద్యులూ పెద్దలూ భయపడుతున్న కాలమది. ఆ భయాన్ని శాంతింపజేయడానికి బెరెన్‌సన్ ఆటస్థలాన్ని గీతలతో మూడు భాగాలుగా విభజించారు. ఏ భాగంలోని క్రీడాకారిణి ఆ భాగంలోనే ఉండాలి, గీత దాటరాదు. ఎదుటివారి చేతిలోని బంతిని లాగరాదు. బంతిని ఎక్కువసేపు పట్టుకొనరాదు.

బెరెన్‌సన్‌ను తప్పుపట్టడం న్యాయం కాదు. ఆమె ఆ గీతలు గీయకపోతే ఆనాటి కళాశాలలు బాలికలను ఆటస్థలంలోనికే రానిచ్చేవి కావేమో. వాకిలి తెరవడానికి ఆమె చెల్లించిన మూల్యం ఆ గీతలు. కాని ఒకసారి గీచిన గీతను చెరపడం ఎంత కష్టమో తరువాతి చరిత్ర చెబుతుంది. 1938లో జాతీయ నియమాలలో మూడు భాగాలు రెండు అయ్యాయి. జట్టుకు ఆరుగురు. వారిలో ముగ్గురు ‘ఫార్వర్డులు’ ఒక సగంలో ఉండి గోలు వేస్తారు. ముగ్గురు ‘గార్డులు’ రెండవ సగంలో ఉండి ఎదుటి జట్టును అడ్డుకొంటారు. మధ్యగీత ఎవరూ దాటరాదు. బంతిని నేలకు కొట్టుకొంటూ పోవడం రెండు దెబ్బలతో ముగియాలి.

ఈ పద్ధతిలో గార్డుగా చేరిన బాలిక హైస్కూలు జీవితమంతా ఆడినా బుట్ట వైపు ఒక్కసారి కూడా బంతి విసరదు. ఫార్వర్డుగా చేరిన బాలికకు అడ్డుకొనే విద్య అవసరమే ఉండదు. ఒక జట్టు పేరున నిజానికి రెండు జట్లు ఉంటాయి. శిక్షకురాలు ఆ రెండింటికీ వేరు వేరుగా పాఠాలు చెప్పి, గీతకు ఈవలి వారికీ ఆవలి వారికీ ఒకే మనస్సు ఉండేలా చేయాలి. గార్డు చేతికి చిక్కిన బంతి గీత దాకా వచ్చి, అవతలి చేతులలోనికి తప్పిపోకుండా చేరాలి. తన పని ముగిసిన పిదప ఆ గార్డు నిలబడి చూడవలసిందే. గోలు పడితే పొగడ్త ఫార్వర్డుది. పత్రికలలో అచ్చయ్యే అంకె ఆమెది. 1968లో అయోవా రాష్ట్రానికి చెందిన డెనిస్ లాంగ్ అనే విద్యార్థిని ఒకే పోటీలో 111 పాయింట్లు సాధించి దేశమంతటా పేరు పొందింది. గీతకు ఆవలి సగం నుండి బంతిని అందించిన గార్డుల పేర్లు మాత్రం ఆ ఖ్యాతిలో చేరలేదు.

ఆటస్థలంలో ఒక సగంలో ముగ్గురికి ముగ్గురు ఎదురుపడే ఆ ఆటలో దాగడానికి చోటు లేదు. పరుగుతో తప్పించుకొనే వీలు లేదు. రెండు దెబ్బల తరువాత బంతిని విసరాలి, లేదా అందించాలి. అందుచేత పాదం మోపడం, ఒంటికాలిపై తిరగడం, తోటిదాని కదలికను కనిపెట్టి బంతి అందించడం వంటి మూలపాఠాలే ఆటకు ప్రాణం. ఇట్టి మూలపాఠాలను విసుగు లేకుండా ప్రతిదినం చెప్పగల ఓర్పు చిన్నతరగతుల ఉపాధ్యాయులకు సహజంగా అలవడుతుంది. ‘అ’ దిద్దించినవారికే ‘అ’ ఎన్నిసార్లు దిద్దించాలో తెలుసు.

నలుబదిరెండు తరగతులు

కళాశాల జట్టు వేరు, గ్రామపాఠశాల జట్టు వేరు. కళాశాల శిక్షకుడు ఊరూరా తిరిగి మంచి ఆటగాళ్లను ఏరుకొనవచ్చును. గ్రామపాఠశాలలో ఆ ఏటికి ఎందరు బాలికలుంటే వారితోనే జట్టు కట్టాలి. పొడుగైన పిల్ల ఉంటే అదృష్టం, లేకపోతే పొట్టివారితోనే. కష్టపడి నేర్పిన బాలిక పై తరగతి ముగియగానే వెళ్లిపోతుంది. ఎన్ని విజయాలు పొందినా మరుసటి సంవత్సరం మళ్లీ మొదటి పాఠమే. ఏ ఏటి తరగతి ఆ ఏటిదే.

ఇట్టి పరిస్థితిలో శ్రీమతి టీగ్ జట్లు 8 పర్యాయాలు రాష్ట్ర విజేతలయ్యాయి. 5 సంవత్సరాలలో అసలు ఓటమియే ఎరుగవు. 1936 నుండి 1938 వరకు వరుసగా 98 పోటీలు గెలిచాయి. మొత్తం లెక్క వేస్తే ఏడాదికి సగటున 27 విజయాలు, మూడు ఓటములు కూడా లేవు. ఒక్క మంచి తరగతి తగిలి, రెండు మూడేళ్లు పేరు తెచ్చుకొన్న శిక్షకులు అనేకులు ఉంటారు. 42 ఏళ్లు వేరు వేరు పిల్లలతో అదే ఫలితం సాధించినప్పుడు దాన్ని అదృష్టమనడానికి వీలు లేదు. అది బోధన.

ఆ 98 విజయాల కాలం ఎట్టిదో కూడా గమనించాలి. 1929 తరువాత అమెరికాను ఆవరించిన ఆర్థిక సంక్షోభానికి తోడు ఓక్లహోమాలో అనావృష్టి, రాష్ట్రపు పడమటి అంచున ధూళితుఫానులు. కౌలురైతులు ఇండ్లు విడిచి కాలిఫోర్నియాకు వలసపోయారు. 1930 జనాభా లెక్కలకూ 1940 లెక్కలకూ మధ్య ఆ రాష్ట్రంలో సుమారు 60,000 మంది తగ్గారు. ఏ బాలిక కుటుంబం ఎప్పుడు ఊరు విడుస్తుందో తెలియని రోజులలో పల్లెటూరి బడి ఒక జట్టును నిలబెట్టుకొనడమే విశేషం. వినోదాలు కొనుక్కొనే స్తోమత లేని జనానికి శీతకాలపు సాయంకాలాలలో బడి ఆటశాలయే సభాస్థలం. అక్కడ తమ ఊరి ఆడపిల్లలు గెలిచి వస్తుంటే ఆ ఊరు తాను ఓడిపోలేదని నమ్మగలిగింది.

పెద్దల అభ్యంతరం

అయితే ఇట్టి పోటీలే కూడదని వాదించినవారు సామాన్యులు కారు. 1923లో అమెరికాలోని వ్యాయామ విద్యావేత్తలైన స్త్రీలు వాషింగ్టన్‌లో సమావేశమై, జాతీయ క్రీడాసమాఖ్యలో మహిళా విభాగాన్ని ఏర్పరచారు. తరువాత అధ్యక్షుడైన హెర్బర్టు హూవరు భార్య లూ హెన్రీ హూవరు దానికి నాయకత్వం వహించారు. ప్రతి బాలికా ఏదో ఒక ఆట ఆడాలి, కాని బడికీ బడికీ మధ్య పోటీలూ, టిక్కెట్లు పెట్టి చూపే ప్రదర్శనలూ, రాష్ట్ర టోర్నమెంటులూ ఉండరాదని వారి వాదం. గెలుపు మోజులో నలుగురు నేర్పరులను తయారుచేసి నలభైమందిని ప్రేక్షకులుగా కూర్చోబెట్టడం విద్య కాదని వారు అన్నారు.

ఈ వాదాన్ని త్రోసివేయడానికి వీలు లేదు. ఏ దేశపు పాఠశాలకైనా అది వర్తిస్తుంది. ఆటల పీరియడు జట్టులో ఉన్న పదిమందికేనా, తరగతిలోని అందరికీనా అన్న ప్రశ్న నేటికీ తీరలేదు. కాని అమెరికాలో ఆ వాదానికి కలిగిన ఫలితం మరొకటి. పట్టణాలలోని పెద్ద పాఠశాలలు పోటీలను రద్దు చేశాయి. కాని వాటి స్థానంలో అందరికీ ఆట అన్న రెండవ సగాన్ని అంత శ్రద్ధగా అమలు జరపలేదు. మిసిసిపీ రాష్ట్రపు డెల్టా కళాశాలలో 1930 తరువాతి సంవత్సరాలలో, ఆట స్త్రీలకు మితిమీరిన శ్రమ అని మహిళాజట్టునే తీసివేశారు. ఆ జట్టులోని మార్గరెట్ వేడ్, ఆమె సహచరులు దుఃఖం పట్టలేక తమ ఆటదుస్తులను కాల్చివేశారు.

పల్లెలు మాత్రం ఆ నిషేధాన్ని మన్నించలేదు. అయోవాలోను, ఓక్లహోమాలోను చిన్న ఊళ్ల పాఠశాలలు బాలికల పోటీలను వదలలేదు. పల్లెలో ఆడపిల్ల పొలంలో పనిచేస్తుంది, నీళ్లు మోస్తుంది; ఆమె పరుగెత్తితే సొమ్మసిల్లుతుందన్న మాట అక్కడివారికి నవ్వు పుట్టించి ఉండవచ్చును. ఈ విధంగా నాగరికులు మూసివేసిన తలుపును గ్రామీణులు తెరిచి ఉంచారు. ఆ తలుపు దగ్గర నాలుగు దశాబ్దాలు నిలబడినవారిలో శ్రీమతి టీగ్ ఒకరు.

ఆమె తన విద్యను దాచుకోలేదు. అమెరికా నైరుతి ప్రాంతంలో బాలికల బాస్కెట్‌బాల్‌కు తొలి శిక్షణ శిబిరాన్ని ఆమె నిర్వహించారు. తన పద్ధతులను ‘బాస్కెట్‌బాల్ ఫర్ గర్ల్స్’ అనే గ్రంథంగా వ్రాయగా 1962లో అది ప్రచురింపబడింది. ఎదుటి జట్టు శిక్షకులు కూడా చదివి తనను ఓడించడానికి ఉపయోగించుకొనగల పుస్తకమది. విద్యను రహస్యంగా ఉంచుకొనేవాడు ఆటగాడు కావచ్చును, పంచిపెట్టేవారే ఉపాధ్యాయులు.

గీత చెరిగిన వేళ

1969లో శ్రీమతి టీగ్ విరమించారు. మూడేళ్ల తరువాత, 1972 జూన్‌లో, ప్రభుత్వ ధనసహాయం పొందే ఏ విద్యాసంస్థలోనూ స్త్రీ పురుష భేదం పాటించరాదని అమెరికాలో శాసనం వచ్చింది. ‘టైటిల్ నైన్’ అని దానికి వ్యవహారనామం. 1971-72లో ఆ దేశపు హైస్కూలు క్రీడలలో పాల్గొన్న బాలురు 36 లక్షలకు పైగా ఉండగా బాలికలు 3 లక్షలైనా లేరు. తరువాత ఆ బాలికల సంఖ్య 30 లక్షలు దాటింది.

కళాశాలలు బాలికలకు కూడా క్రీడా విద్యార్థివేతనాలు ఇవ్వసాగాయి. కాని కళాశాలలో ఆట అయిదుగురిది. ఆటస్థలమంతా తిరుగుతూ ఆడేది. గోలు వేయడం నేర్వని గార్డుకు ఆ వేతనం ఎవరిస్తారు? టెన్నెస్సీ రాష్ట్రంలో ఒక హైస్కూలు విద్యార్థిని ఈ ప్రశ్ననే న్యాయస్థానం ముందు పెట్టింది. ఆరుగురి ఆట తనకు అన్యాయం చేస్తున్నదని 1976లో క్రింది కోర్టులో గెలిచింది. మరుసటి ఏడు అప్పీలులో ఓడింది. తీర్పు ఏదైనా, కాలం ఆమె పక్షాననే నడిచింది. 1993లో అయోవా ఆరుగురి ఆటను విడిచిపెట్టింది. 1995లో ఓక్లహోమా కూడా విడిచింది. ఆ ఆటను అన్నిటికంటె చివరిదాకా అంటిపెట్టుకొన్న రాష్ట్రం అదే.

ఈ మార్పు చూసి అక్కడి పల్లెలలో కన్నీరు పెట్టినవారూ ఉన్నారు, సంతోషించినవారూ ఉన్నారు. ఇరువురూ న్యాయం చెప్పినవారే. ఆరుగురి ఆటలో చిన్న బడికి, పొట్టి బాలికకు, పరుగు తక్కువైన బాలికకు కూడా చోటుండేది. వేలాది స్త్రీలకు యౌవనంలో గౌరవం తెచ్చిన ఆట అది. కాని ఆడపిల్ల సగం స్థలానికే తగినదన్న మాట ఆ గీతలో దాగి ఉన్నది. ఉపకారం చేసినదైనా, తప్పు నమ్మకంపై నిలిచినది కలకాలం నిలువదు.

కొత్త కాలం మరొక చిత్రాన్ని కూడా తెచ్చింది. 1972కు ముందు అమెరికా కళాశాలలలోని మహిళాజట్లకు నూటికి తొంబదికి పైగా స్త్రీలే శిక్షకులు. జీతాలు పెరిగి, పదవికి గౌరవం వచ్చిన తరువాత ఆ స్థానాలలో పురుషులు చేరారు. స్త్రీల వంతు సగానికి తగ్గిపోయింది. ఆడపిల్లలకు ఆటస్థలమంతా దక్కింది గాని, ఆ ఆటస్థలం అంచున నిలబడి ఆజ్ఞాపించే చోటు చాలామంది పంతులమ్మలకు దక్కకుండా పోయింది. బడిపని ముగించుకొని బంతి పట్టిన శ్రీమతి టీగ్ వంటివారి విలువ ఈ లెక్క చూసినప్పుడే పూర్తిగా తెలుస్తుంది.

1985లో నైస్మిత్ పేరిట స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ఉన్న బాస్కెట్‌బాల్ గౌరవమందిరంలోనికి మొట్టమొదటిసారిగా స్త్రీలను తీసుకొన్నారు. వారు ముగ్గురు. గీతలు గీచిన సెండా బెరెన్‌సన్ ఒకరు. 1954లోనే ఆమె గతించారు. ఆటదుస్తులు కాల్చుకొని, నాలుగు దశాబ్దాల తరువాత అదే డెల్టా కళాశాలకు తిరిగివచ్చి 1975, 1976, 1977లలో వరుసగా మూడుసార్లు జాతీయ విజయం చేకూర్చిన మార్గరెట్ వేడ్ రెండవవారు. గీతల లోపలే ఉండి, ఆ గీతలను నిరర్థకం చేసిన బెర్తా టీగ్ మూడవవారు. మహిళల బాస్కెట్‌బాల్ చరిత్ర అంతా ఈ మూడు పేర్లలో ఇమిడి ఉన్నది.

తెలుగునాటికి ఆ బంతి

స్ప్రింగ్‌ఫీల్డ్‌తో తెలుగు పాఠశాలలకు సంబంధం లేకపోలేదు. అక్కడి కళాశాలలోనే చదివిన హారీ క్రో బక్ అనే అమెరికన్ మద్రాసుకు వచ్చి 1920లో వై.ఎం.సి.ఏ. వ్యాయామ కళాశాలను స్థాపించారు. కోస్తా జిల్లాలూ రాయలసీమా నాడు మద్రాసు రాజధానిలోనివే గదా! ఆ కళాశాలలో శిక్షణ పొందినవారు హైస్కూళ్లలో ఉద్యోగాలలో చేరి, కవాతు ఒక్కటే కాక రకరకాల ఆటలు నేర్పారు. ఊళ్లో వారిని ‘డ్రిల్లు మాష్టారు’ అన్నారు. లెక్కల మాష్టారుకు దక్కిన మర్యాద వారికి అన్నిచోట్లా దక్కలేదు. పరీక్షలు దగ్గరపడగానే ఆటల గంటను లెక్కలకో ఇంగ్లీషుకో ధారపోయడం బడులలో అలవాటైపోయింది. బాలికల విషయం చెప్పనే అక్కరలేదు. పెద్దతరగతికి వచ్చేసరికి ఆటస్థలం వారికి దూరమవుతుంది. వారిని వెనక్కు లాగే గీత నేలమీద కనబడదు. అది ఇంటివారి మాటలో, ఇరుగుపొరుగు చూపులో ఉంటుంది.

అట్టి బడిలో పనిచేసే ఉపాధ్యాయురాలికి బింగ్ కథలో కొంత ధైర్యం ఉన్నది. ఆట తెలియదని వెనుదీయవలసిన పని లేదు. తెలుసుకొనే బుద్ధి ఉంటే చాలు. ఊరు చిన్నదని, పిల్లలు కొద్దిమందేనని కుంగిపోనవసరం లేదు. నియమాలు సరిగా లేవని పని మానుకోవడం కంటె, ఉన్న స్థలంలోనే పిల్లలను నిలబెట్టి, వారి శక్తి ఎంతటిదో ఊరి కళ్ల ముందు పెట్టడం మేలు. గీతలు చెరపడానికి శాసనాలు కావాలి, న్యాయస్థానాలు కావాలి. కాని ఆ గీత అనవసరమని లోకానికి ముందుగా రుజువు చేయడానికి ఆడే పిల్లలు కావాలి, వారికి నేర్పే పంతులమ్మ కావాలి.

శ్రీమతి టీగ్ 1991 జూన్‌లో ఆడా పట్టణంలో కన్నుమూశారు. ఓక్లహోమా బాలికలు మధ్యగీత దాటి ఆటస్థలమంతా పరుగెత్తడం అప్పటికి ఇంకా నాలుగేళ్ల దూరంలో ఉన్నది. ఆమె చేతిలో ఆట నేర్చిన వందలాది బాలికలలో ఒక్కరికీ ఆ భాగ్యం హైస్కూలులో కలుగలేదు. కలిగినది వారి కుమార్తెలకు, మనుమరాండ్రకు.